ఎర్ర దారం లేని ఖాకీ చొక్కా

ముందే ఒప్పేసుకుంటాను. ముప్ఫయ్యేళ్లుగా నరసరావుపేటలో పోలీసు యూనిఫారాలు కుడుతున్నాను. ఇన్నేళ్లలో నేను చేసిన అతి పెద్ద తప్పు కత్తెరతో చేసింది కాదు, నోటితో చేసింది. కత్తెర జారితే మీటరు గుడ్డ పోతుంది. నోరు జారితే ఎదుటి మనిషి బతుకే పోతుంది.

కరోనా తగ్గి, జనం మాస్కులు మెడకు వేలాడేసుకు తిరుగుతున్న ఏడాది అది. టీవీలో వచ్చే ఒక డిటెక్టివ్ సీరియల్ వాళ్లు ఒక ఎపిసోడ్ తీయడానికి మా వైపు వచ్చారు. గురజాల దగ్గర పాత క్వారీలో శవం దొరుకుతుంది, మాచర్ల బస్టాండులో హంతకుడు దొరుకుతాడు. కథ అంతే. కానిస్టేబుళ్ల వేషాలకు ఎనిమిది జతలు కావాలని కాస్ట్యూమ్స్ చూసే రాజేంద్ర నా కొట్టు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ రోజు నుంచి నేను నేల మీద నడిచింది తక్కువ. టీ కొట్టు దగ్గర, మసీదు మెట్ల దగ్గర, ఎవరు దొరికితే వాళ్లకు "టీవీలో కనపడే ఖాకీ మనదే" అని చెప్పుకున్నాను. "కొలతలు వాళ్లవి, కోతలు మీవి" అంది మా ఆవిడ.

ఇక్కడ మా పనిలోని ఒక కట్టుబాటు చెప్పాలి. నాకు మిషను నేర్పిన ఉస్తాద్ పెట్టిన నియమం ఇది. నిజం పోలీసుకు కుట్టే చొక్కాకు కాలర్ లోపల కొట్టు లేబుల్ వేస్తాం. నాటకానికో షూటింగుకో కుట్టేదానికి లేబుల్ వేయం. బదులుగా కాలర్ పట్టీ లోపల ఎర్ర దారంతో ఒక వరస కుట్టు వేస్తాం. "ఏషం ఖాకీ బజార్న పడితే ముందు మనకి తెలియాల" అనేవాడు ఉస్తాద్. ఆ ఎనిమిది చొక్కాలకూ నా చేత్తోనే ఎర్ర కుట్టు వేశాను.

వేషాలకు ఊళ్లోవాళ్లనే తీసుకున్నారు. నూజెండ్ల నుంచి వచ్చి మా వీధి చివర కాపురముంటున్న లారీ డ్రైవరు కోటయ్య వాళ్లలో ఒకడు. వెదురు బొంగులాంటి మనిషి. అతనికి యూనిఫారం కుట్టడమంటే జెండా కర్రకు గలీబు కుట్టడమే.

షూటింగ్ అయిపోయిన మూడో రోజు పొద్దున్నే స్టేషన్ నుంచి కబురొచ్చింది. ఎస్సై మేడమ్ బల్ల మీద ఒక ఖాకీ చొక్కా ఉంది. వినుకొండ రోడ్డులో ఎవడో పోలీసు వేషంలో రాళ్ల లారీలు ఆపి డ్రైవర్లను బెదిరించి గుంజుతున్నాడట. ముందు రోజు నిజం జీపు రావడం చూసి, చొక్కా విప్పి రోడ్డు పక్క చిల్లకంప పొదల్లో పడేసి పారిపోయాడట. హెల్మెట్టూ మాస్కూ ఉండడంతో ముఖం ఎవరూ చూడలేదు.

"మస్తాన్, ఇది నీ కుట్టేనా?" అన్నారు మేడమ్.

కాలర్ తిప్పాను. నా లేబుల్ నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

"నాదే మేడమ్! సీరియల్‌కి కుట్టింది."

ఎందుకన్నానంటే, ఆ నెలలో నేను ఏ మాట మొదలుపెట్టినా అది సీరియల్ దగ్గరే ఆగేది. లేబుల్ ఉందంటేనే అది సీరియల్‌ది కాదన్న సంగతి, ఆ నియమం పాటించే నాకే తట్టలేదు. మేడమ్ వెంటనే రాజేంద్రకు ఫోన్ చేశారు. పెట్టెలో ఏడు చొక్కాలే ఉన్నాయి, ఎనిమిదోది కోటయ్య వేసుకున్నది, కనపడడం లేదన్నాడు. మధ్యాహ్నానికల్లా కోటయ్య స్టేషన్ బెంచీ మీద ఉన్నాడు.

కాసేపటికి అతని భార్య రమణమ్మ కొట్టుకొచ్చింది. లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడింది.

"బాబాయ్, మా ఆయన చొక్కా ఎత్తకపోతంటే నువ్వు చూశావా?"

"లేదమ్మా. చొక్కా నాదని చెప్పానంతే."

"నువ్వు చొక్కా అన్నావు, ఆళ్లు మా ఆయన అనుకున్నారు. కేసు పడ్డోడికి ఏ ఓనరు బండి తాళం ఇస్తాడు? కరోనాలో చానా నెలలు ఇంట్లో కూచుని మొన్ననేగా బండెక్కింది. నువ్వు టీవీలో కనపడాలని మమ్మల్ని టేషన్లో కనపడేట్టు చేశావు గదా!"

ఆమె వెళ్లిపోయాక మిషను ముందు కూర్చున్నాను. కాలు తొక్కనంది. తల ఎత్తితే ఎదురుగా అరలో ఎర్ర దారం రీలు. దాన్ని చూసిన మరుక్షణం చెప్పులు కూడా మర్చిపోయి స్టేషన్‌కు పరిగెత్తాను.

"ఏంది మస్తాన్, మళ్లీ వచ్చావు?"

"మేడమ్, పొద్దున నేను చొక్కా చూళ్లేదు. నా పేరు చూసుకున్నా. ఇంకోసారి ఇప్పించండి."

కాలర్ పట్టీ తిరగేశాను. ఎర్ర కుట్టు లేదు. లేబుల్ సంగతి, దారం సంగతి చెప్పాను. మేడమ్ నమ్మీ నమ్మనట్టు చూశారు. చొక్కాను పూర్తిగా తిరగేసి మార్జిన్ చూపించాను. మార్జిన్ అంటే, ముందు ముందు మనిషి ఒళ్లు చేస్తే వదులు చేయడానికి పక్క కుట్ల లోపల వదిలిపెట్టే అదనపు గుడ్డ. పోలీసు చొక్కాకు అది లేకపోతే ఆ టైలర్‌కు భవిష్యత్తు లేదు.

"ఇక్కడ రెండు పాత కుట్ల గుర్తులున్నాయి చూడండి. అంటే రెండుసార్లు వదులు చేసిన చొక్కా. వారం కింద కుట్టినదాన్ని ఎవరు వదులు చేస్తారు మేడమ్? అదీ కోటయ్య పొట్టకి!"

బెంచీ మీది కోటయ్య కడుపు లోపలికి పీల్చుకున్నాడు. ఆ అవసరమే లేదు.

ఎడమ జేబులో వేలు పెట్టాను. లోపల ఇంకో బుల్లి జేబు తగిలింది. ఇక నాకు దారి దొరికింది. పొడుం డబ్బీ దాచుకోవడానికి జేబులో జేబు కుట్టించుకున్న మహానుభావుడు నా ఖాతాదారుల్లో ఒక్కరే, రిటైరైన హెడ్ కానిస్టేబుల్ సుబ్బారావు గారు. మేడమ్ ఆయన ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. ఆయన భార్య ఎత్తింది.

"ఆ చొక్కాలా? పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆయనకేశానమ్మా. ఇడ్లీ పాత్రొచ్చింది. ఏం, మూత సరిగ్గా లేదు, మారుస్తారా?"

స్టేషనంతా నవ్వింది, కోటయ్య తప్ప. సామాన్ల అతన్ని అడిగితే ఆ చొక్కా కొనుక్కున్నవాడి గుర్తులు చెప్పాడు. రెండు రోజుల్లో అసలువాడు దొరికాడు. సీరియల్‌వాళ్ల ఎనిమిదో చొక్కా అయితే ఆ సాయంత్రమే దొరికింది. వాళ్ల వ్యానులో ఇస్త్రీ బల్ల మీద దుప్పటి కింద పరిచి ఉందట, ఎర్ర కుట్టుతో సహా. అది తెలియగానే మేడమ్ కోటయ్యను పంపించేస్తూ నా వైపు తిరిగి, "మస్తాన్, క్రైమ్ టీములో నీకో కుర్చీ వేయాల్సింది" అన్నారు. పోలీసు శాఖకు నేను ఎన్నో కుట్టాను. పోలీసు శాఖ నాకు తొడిగినది ఆ మాటొక్కటే. ఇప్పటికీ వదులు కాలేదు.

బయటికొచ్చాక కోటయ్య చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "పోనీలే బాబాయ్. ఈసారి నాకు దొంగ ఏషం ఇప్పియ్యి, బెంచీ అలవాటైంది" అన్నాడు. పేరు కనపడగానే నోరు తెరవకూడదని, ముందు లోపలి కుట్టు చూడాలని నాకు నేర్పింది ఆ బెంచీ. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చిన ఏ గుడ్డనైనా తిరగేశాకే మాట్లాడుతున్నాను.

రాజేంద్ర వచ్చి పొరపాటైందని చెప్పి, జరిగిందంతా అడిగి మరీ రాసుకువెళ్లాడు. కొన్ని నెలలకు అదే ఒక ఎపిసోడ్‌గా వచ్చింది. కొట్లో టీవీ పెట్టి వీధినంతా పిలిచాను. ఇన్‌స్పెక్టర్ పాత్రధారి తన అలవాటు ప్రకారం ఒక చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, రెండో చేత్తో చొక్కా తిరగేసి "రెండుసార్లు వదులు చేసిన చొక్కా" అన్నాడు. నా మాటలే, పొల్లు పోకుండా. మరి టైలరో? టేపు తలకిందులుగా పట్టుకుని, లాఠీ చూసి మూర్ఛపోయాడు.

"బాబాయ్, టీవీలో నువ్వు కాస్త బక్కపడ్డావు" అంది రమణమ్మ.

మళ్లీ నెలకు రాజేంద్ర నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. ఇన్‌స్పెక్టర్‌కే నాలుగు ప్యాంట్లు. నా పనితనమంతా పెట్టి కుట్టి పంపాను. మా పనిలో డమ్మీ పాకెట్ అని ఒకటుంది. పైకి అచ్చం జేబే, లోపల సంచి ఉండదు. ఆ ప్యాంట్ల జేబులు ఎనిమిదికి ఎనిమిదీ అవే.

లొకేషన్ నుంచి రాజేంద్ర ఫోనొచ్చింది. "మస్తాన్ గారూ, ఏంటండీ ఇది! జేబులు తెరుచుకోవు, హీరో గారు చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలీక అల్లాడుతున్నారు, ఇవతల వెలుగు పోతోంది!"

"అవునా సార్? ఇన్‌స్పెక్టర్ గారినే కనిపెట్టమనండి. ఆయనకు కుట్ల సంగతి చానా బాగా తెలుసు" అన్నాను.

ఆ ఎపిసోడ్‌ కూడా వీధంతా కలిసే చూశాం. ఇన్‌స్పెక్టర్ మొదటి నుంచి చివరిదాకా చేతులు కట్టుకునే నిలబడ్డాడు.

"ఏంది బాబాయ్, ఈయన నీ ముందర నిలబడ్డట్టు నిలబడ్డాడు?" అన్నాడు కోటయ్య.

ఈసారి నోరు కూడా కుట్టేసుకున్నాను.