గింజ మోగకముందే

1986 ఫిబ్రవరి 18, మంగళవారం ఉదయం పదకొండుంబావుకు పర్చూరు దగ్గరి మా కల్లం పక్కన ఒక జీపు ఆగింది.

కౌలుకు చేసిన ఎకరంలో ఆ ఏడాది పండిన మిరపకాయంతా ఆ కల్లంలోనే ఆరబోసి ఉంది. మావారు పోయిన రెండో ఏడు అది. ఆ కాయ అమ్మితేనే కౌలు నా చేతిలో నిలుస్తుంది.

అప్పటికి నాలుగు రోజులుగా యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా ఇంట్లో ఉంటోంది. ఆమె చదివేది మనస్తత్వశాస్త్రం. తప్పని తెలిసినా, అధికారి చెబితే మనుషులు ఎందుకు చేస్తారన్నది ఆమె పరిశోధన. ఆ పొద్దున రంగు పోయిన తాలుకాయ ఏరుతున్న కూలీలను అదే అడిగింది.

"మా ఆయన చెబితేనే చెయ్యనమ్మా. దారినపోయేవాడు చెబితే చేస్తానా?" అంది ఒకామె. అందరం నవ్వాం.

జీపులోంచి ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్ల మనిషి దిగాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. గ్లాసు తిరిగి ఇస్తూ, "సాయంత్రానికి వానమ్మా. కాయ బస్తాలకెత్తి ఇంట్లో పెట్టించండి" అన్నాడు.

కాయ బాగా ఎండితే చెవి దగ్గర ఆడించినప్పుడు గింజ మోగుతుంది. అప్పుడే బస్తాకెత్తాలి. ఈలోపు వానొస్తే కుప్పచేసి పట్టా కప్పుతాం. మా ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

"గింజ ఇంకా మోగట్లేదండి" అన్నాను.

"చెప్పింది చెయ్యండమ్మా. తర్వాత మమ్మల్ని అనొద్దు."

ఏ ఆఫీసని ఎవరూ అడగలేదు. జీపు కదలకముందే గోతాలు పరిచాం. పొద్దున నవ్వించినామే గోతంలోకి దిగి కాయ తొక్కింది. పరిశోధన చేసే అమ్మాయి తట్టలు అందించింది.

చినుకు పడలేదు. అయినా బస్తాలు విప్పలేదు. "ఆఫీసరుగారు మళ్లీ వచ్చి చెబుతారేమోనండి" అన్నారు కూలీలు. నాలుగో రోజు మూతి విప్పితే వేడి ఆవిరి, బూజు వాసన.

అతను కాలువ సర్వేకు వచ్చినవాడని తర్వాత తెలిసింది. మిరప సంగతి అతనికేమీ తెలియదు. రేడియోలో విన్నది చెప్పి పోయాడు. మోసం చేయాలని కాదు.

అమ్మాయి పెన్ను తీసి, "ఎందుకు చేశారు పిన్నిగారూ?" అని అడిగింది.

"నువ్వెందుకు తట్టలు మోశావమ్మా?"

అమ్మాయి పెన్నుకు మూత పెట్టి, "ఆయన జీపులో వచ్చారు కదండీ" అంది.

ఎత్తినవి ఇరవై రెండు బస్తాలు. పారబోసినవి పద్నాలుగు. విత్తనానికి అనుకున్న కాయ వాటిలోనే పోయింది. ఉగాదికి ఎకరం పొలం వేరేవాళ్ల కౌలులోకి వెళ్లింది.