వెలుతురు తినేసిన కిటికీ

ఆ రోజుల్లో నాకు అనుమానం అంటే ఏమిటో తెలియదు. ఇప్పుడు బాత్‌రూము వెంటిలేటరుకి కొలత తీసుకోవాలన్నా టేపు మూడుసార్లు లాగి చూస్తాను, నాలుగోసారి ఇంకొకరి చేత లాగిస్తాను. అప్పుడు అలా కాదు. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో సివిల్ డిప్లమా, మెడలో దండలా వేసుకున్న పసుపు రంగు టేపు. పాడేరులో మా బాబాయి తలుపులూ కిటికీలూ చేయించి అమ్మే షాపులో అనుభవం కోసమని ఆరు నెలలు ఉందామని వచ్చాను. పాడేరు అప్పటికి ఇంకా జిల్లా కేంద్రం కాలేదు గానీ, నేను మాత్రం వచ్చిన మర్నాటి నుంచే జిల్లా స్థాయి ఇంజనీరులా మాట్లాడేదాన్ని. బాబాయి ఇరవై ఏళ్లుగా కిటికీలు అమ్ముతున్నాడని తెలిసి కూడా, కిటికీ అంటే ఏమిటో ఆయనకి రోజూ వివరించేదాన్ని. ఆయన వినేవాడు. (అన్నగారి కూతురు కదా, వినక చస్తాడా.)

షాపులో పనిచేసే పెద్ద వడ్రంగిని అందరూ ‘ఊఁ మేస్త్రి’ అనేవారు. ఏం అడిగినా ఊఁ అనేవాడు. టీ తాగుతారా అంటే ఊఁ. చెక్క వచ్చిందా అంటే ఊఁ. మీ అబ్బాయికి పెళ్లి కుదిరిందటగా అంటే కాస్త పొడుగ్గా ఊఁ. నా ప్లాన్లన్నిటికీ ఆయన ఊఁ అనడం చూసి, అంత అనుభవం ఉన్న మనిషి నా ఆలోచనలో ఒక్క వంక కూడా పట్టలేకపోతున్నాడే అని లోలోపల పొంగిపోయేదాన్ని.

అలాంటి సమయంలో వచ్చాడు హారన్ అన్న. జి.మాడుగుల వైపు ఊళ్లకి సర్వీసు జీపు నడిపేవాడు. మలుపు ఉన్నా లేకపోయినా హారన్ కొట్టేవాడు కాబట్టి ఆ పేరు. వాళ్ల అవ్వ ఇంట్లో రెండు గదులు బాగుచేసి, చలికాలంలో వచ్చే టూరిస్టులకి ఇవ్వాలని అతని ఆలోచన. నాలుగు కిటికీల చెక్కలు పుచ్చిపోయాయి, కొత్తవి కావాలి, పాతకాలం పద్ధతిలో ఉండాలి, ఎందుకంటే పట్నం వాళ్లకి అదే ఇష్టం. అంతవరకు చెప్పి కాస్త గొంతు తగ్గించాడు.

“ఒకటే మాట మేడమ్. మా అవ్వ రోజంతా కిటికీ కాడ కూకుని అడ్డాకుల విస్తర్లు కుడతాది. సూపు కొంచెం తగ్గిపోనాది. సంతలో ఆకు కట్టలు అమ్మి ఎవులి మీదా ఆధారపడకుండా బతుకుతున్నాది. కొత్త కిటికీ పెడితే ఎలుతురు బాగా వత్తాదని సెప్పి ఒప్పించినాను. ఎలుతురు తగ్గిందంటే మాత్రం నా పని అయిపోనట్టే.”

“అన్నా, నాకు వదిలేయండి” అన్నాను. ఆ రోజుల్లో నేను రోజుకి పదిసార్లు అనే మాట అదే.

జి.మాడుగుల దాటాక జీపు దిగి, గెడ్డ అని పిలిచే చిన్న వాగు దాటి, కాఫీ తోట పక్కగా ఎక్కితే ఆ ఇల్లు. మట్టి గోడలు, కింద ఎర్రమట్టి పట్టీ, అడుగున్నర మందం. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, “గుంటపిల్ల బాగానే ఉంది. గోడ మీద మాత్రం గునపం పడకూడదు. నేనూ మా ముసలోడూ తొక్కిన మన్ను అది” అంది. కిటికీ సందులు చూస్తే పదిహేను అంగుళాల వెడల్పు, మూడడుగుల ఎత్తు. ఇంత సన్నగా ఎందుకు పెట్టారని అడిగితే, “పిల్లి దూరాల, సిరతపులి దూరకూడదు. అదీ లెక్క” అంది. కొలతలు బయటి నుంచే తీసుకున్నాను. లోపల కిటికీ కింద గంపలో పెట్ట పొదుగుతోంది, నేను ఒక అడుగు వేసేసరికి మీదికి వచ్చింది. అయినా గోడ అన్నాక లోపలా బయటా ఒకటే కదా అనుకున్నాను. (డిప్లమాలో మాకు అలాగే బొమ్మలు వేయించారు.)

ఇక పాతకాలం పద్ధతి సంగతి. నాకు తెలిసిన పాతకాలం కిటికీ ఒక్కటే, చోడవరం దగ్గర మా పెదనాన్న వాళ్ల ఇంట్లోది. పైన కమాను, కమానులో రంగు అద్దాలు, దబ్బపండు అంత లావు ఫ్రేము, రెండు రెక్కలు, మెలితిప్పిన ఊచలు. చిన్నప్పుడు నలుగురు పిల్లలం ఆ కిటికీ గట్టు మీద వరసగా కూర్చుని తేగలు తినేవాళ్లం. ఆ కిటికీనే కాగితం మీద వేసి, ఫోనులో ఫొటోని రెండు వేళ్లతో చిన్నది చేసినట్టు పదిహేను అంగుళాలకి నొక్కేశాను. అక్కడా ఇక్కడా తగ్గించవచ్చు గానీ ఫ్రేము లావు తగ్గిస్తే హుందాతనం పోతుందని దాన్ని మాత్రం అటు మూడు, ఇటు మూడు అంగుళాలు ఉంచాను. బొమ్మ మేస్త్రికి చూపించి “ఎలా ఉంది?” అన్నాను. ఆయన చాలాసేపు చూశాడు. ఊఁ అన్నాడు. తర్వాత నా జీవితంలో మొదటిసారి ఆయన నోట ఇంకో మాట విన్నాను. “సన్నంగా ఉంది కదా పాపా.”

“అదే మేస్త్రీ దాని అందం” అన్నాను. ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని పనిలోకి వెళ్లిపోయాడు.

బిగించే రోజు నాలుగు కిటికీలకీ దుప్పట్లు చుట్టి జీపు టాపు మీద కట్టారు. పెళ్లికూతురిని తీసుకెళుతున్నట్టు హారన్ అన్న దారంతా హారన్ కొడుతూనే ఉన్నాడు. ఊళ్లో సగం మంది వాకిట్లో చేరారు. అవ్వ కూర్చునే కిటికీ ముందు బిగించాం. బయట సరిగ్గా కూర్చుంది, సూది పట్టే సందు లేదు. లోపలికి వెళ్లి చూస్తే ఫ్రేముకి అటూ ఇటూ గోడ వెనక్కి వెళ్లిపోతూ జానెడు జానెడు ఖాళీ. నేను గోడ కేసి జాలిగా చూసి, “పాపం, అప్పట్లో వీళ్లకి దారానికి గుండు కట్టి నిలువు చూసుకోవడం తెలియదు. గోడ వంకరగా లేచింది” అని అవ్వ వినేలాగే ప్రకటించి, ఆ వంకర కనబడకుండా రెండు వైపులా చెక్కలు పెట్టి మూసేయించాను. మేస్త్రి ఊఁ అన్నాడు. ఈ ఊఁ కొంచెం బరువుగా వచ్చింది గానీ, సుత్తి పట్టుకున్న మనిషి కదా, ఆయాసం అనుకున్నాను.

పని అయ్యాక అందరూ బాగుంది అన్నారు. నిజంగానే బాగుంది, బయటి నుంచి. నేను దాని ముందు నిలబడి నాలుగు ఫొటోలు దిగాను. లోపల అవ్వ తన పీట వేసుకుని, ఒళ్లో ఆకులు పరుచుకుని, వెదురు పుల్ల ఒకటి విరిచింది. ఆకు మీద ఆకు పెట్టింది. పుల్ల గుచ్చబోయి ఆగింది. ఆకు కళ్ల దగ్గరికి తెచ్చుకుంది, దూరంగా పెట్టింది, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది. లావు ఫ్రేమూ రెక్కల పట్టీలూ పోగా రెండు రెక్కల్లో కలిపి అద్దానికి మిగిలింది మూడు వేళ్ల వెడల్పు. ఆ వచ్చే కాస్త వెలుతురు కూడా సగం ఎర్రగా, సగం ఆకుపచ్చగా వస్తోంది. రెక్కలు తెరిస్తే అవి అటొకటి ఇటొకటి ఆ సందులోనే నిలబడిపోయాయి, వాటి మధ్య మూడు ఊచలు. అవ్వ పీట తీసుకుని గుమ్మంలోకి వెళ్లి కూర్చుంది. అది అందరూ నడిచే దారి. ఒకడు దాటాడు, ఆకులు ఎగిరిపోయాయి. కోళ్లు దాటాయి. అవ్వ పీట ఇంకొంచెం పక్కకి జరుపుకుంది.

“అవ్వా, బాగాలేదా?” అని అడిగాను.

“బాగుందమ్మా. గుడికి పెట్టుకుంటారు ఇలాటిది. మా ఇంటికి ఎక్కువే.”

హారన్ అన్న నా కేసి చూసిన చూపు చూసి కూడా నేను తగ్గలేదు. కొత్త కదా, వారం రోజుల్లో కళ్లు అలవాటు పడతాయి అన్నాను. కావాలంటే ఒక బల్బు వేలాడదీద్దాం అన్నాను. (ఆ ఊరికి కరెంటు తనకి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది.) అప్పుడు అవ్వ లేచి, తన పీట తెచ్చి మళ్లీ కిటికీ కింద వేసి, “నీ కళ్లు కుర్రకళ్లు కదే. కూకో. ఒక్కటి కుట్టు” అంది.

ఒక విస్తరి కుట్టడం ఎంతసేపులే అని కూర్చున్నాను. ఆ చీకట్లో ఆకు అంచు ఎక్కడ అయిపోయిందో, కింది ఆకు ఎక్కడ మొదలైందో నాకు తెలిసేలోపు నా బొటనవేలు రెండుసార్లు కుట్టుకున్నాను. అరగంట తర్వాత, గుండ్రమూ కాని, పలకా కాని వస్తువు ఒకటి తయారైంది. అవ్వ దాన్ని ఎంతో గౌరవంగా తీసుకుని పక్కన పెట్టింది.

మధ్యాహ్నం అందరికీ అన్నాలు పెట్టారు. మేస్త్రికి, హారన్ అన్నకి అవ్వ కుట్టిన విస్తర్లు. నా ముందు నాదే. “మా ఇంట్లో ఇంతే. ఎవులు కుట్టినాది తొలుత ఆళ్లే తినాల” అంది అవ్వ, ముఖంలో నవ్వు లేకుండా. వేడి అన్నం, దాని మీద రాజ్మా గింజల పులుసు, గరిటె నిండా. పులుసు ఒక్క క్షణం ఆలోచించుకుని, నేను కుట్టని చోట్లన్నీ వెతుక్కుంటూ కిందికి దిగి, మఠం వేసుకున్న నా తెల్ల చుడీదారులోకి చేరింది. నేను కెవ్వుమని లేచాను. హారన్ అన్నకి పొలమారింది. మేస్త్రి భుజాలు ఊగుతున్నాయి, శబ్దం మాత్రం లేదు. అవ్వ తువ్వాలు ఇస్తూ, “కళ్లు అలవాటు పడతాయిలే. వారం రోజులు పడతాది” అంది.

ఇప్పుడు రాస్తుంటే నవ్వు వస్తోంది గానీ, ఆ క్షణాన ఏడుపే వచ్చింది. పులుసుకి కాదు. వారం వారం సంతకి కట్టలు మోసుకెళ్లి, చెయ్యి చాచకుండా బతికే మనిషి దగ్గర నేను ఏం లాక్కున్నానో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. తల వంచుకుని, “మీకు వెలుతురు ఇంతకు ముందు ఎలా వచ్చేది అవ్వా?” అని అడిగాను. నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో నేను తెలుసుకుందామని వేసిన మొదటి ప్రశ్న అదే.

ఆమె నన్ను ఇంకా మార్చని రెండో కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చెయ్యి పట్టుకుని గోడ లోపలి అంచు తడిమించింది. సందు బయట సన్నగా ఉండి లోపలికి వచ్చేకొద్దీ చేటలా విచ్చుకుంటోంది. ఆ పక్కలకి తెల్లమన్ను నున్నగా పూసి ఉంది. “బయట సన్నంగుంటే సలిగాలి రాదు. లోపల యెడల్పు సేసి తెల్లమన్ను పూస్తే ఎలుతురు గదంతా పాకుతాది. ఇదే కదా నువ్వు వంకర అన్నావు?” అంది. నిజమే, ఆ పదిహేను అంగుళాల సందులోంచి నేల మీద చాపంత వెలుగు పడి ఉంది. ఆ వంకరనే నేను చెక్కలు కొట్టి మూసేయించింది.

అప్పుడు ఊఁ మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. “ఒకటే రెక్క ఉండాల. పల్సటి ఫ్రేము. రెక్క బయటికి తెరిసి గోడకి ఆనించాల. ఊస ఒక్కటి సాలు. తెల్ల అద్దం. బొమ్మ సూసినపుడే అనుకున్నాను.”

“మరి నేను అడిగినప్పుడు చెప్పలేదేం మేస్త్రీ?” అని దాదాపు అరిచాను.

“నువ్వు అడిగినావేటి? ఎలాగుంది అన్నావు. బొమ్మ బాగానే ఉంది” అన్నాడు.

ఆ సాయంత్రం బిగించినదాన్ని కూడా ఊడదీశాం, నాలుగు కిటికీలూ మళ్లీ దుప్పట్లు కట్టుకుని జీపెక్కాయి. ఈసారి హారన్ అన్న ఒక్క మలుపులో కూడా హారన్ కొట్టలేదు. బాబాయి ఎదురుగా నిలబడి, తప్పంతా నాదేనని, మేస్త్రిది ఏమీ లేదని చెప్పాను. ఇంటికి పంపించేస్తాడనే అనుకున్నాను. ఆయన కిటికీ కేసి, నా చుడీదారు కేసి చూసి, “అయితే ఇప్పుడు ఏటి సేత్తావు?” అని మాత్రం అన్నాడు. మేస్త్రి చెప్పినట్టు బొమ్మ వేస్తాను అన్నాను. “బేగి వెయ్యి. సలి ముదిరిపోతన్నాది, కిటికీ సందుకి గోనె కట్టుకుని ముసలామె గుమ్మంలో కూకుంది” అన్నాడు.

ఐదో రోజుకి కొత్తవి బిగించాం. చెక్కలు పీకేశాం, అవ్వ స్వయంగా ఆ పక్కలకి తెల్లమన్ను పూసుకుంది. మర్నాడు పొద్దున్నే మెచ్చుకోలు అందుకోవడానికి జుట్టు దువ్వుకుని మరీ వెళ్లాను. రెక్క తెరిచి గోడకి ఆనించి ఉంది. అవ్వ కిటికీ కింద కుడుతోంది. పుల్ల విరవడం, గుచ్చడం, తిప్పడం. నేను వచ్చి నిలబడ్డాను, దగ్గాను, కిటికీ రెక్క ఒకసారి ఊపి చూశాను. ఆమె తల ఎత్తలేదు. ఆ ఉదయం ఆమె కిటికీ కేసి ఒక్కసారి కూడా చూడలేదు. మొదట కాస్త చివుక్కుమంది. కాసేపటికి, పక్కన పేర్చిన విస్తర్ల దొంతర చూశాక, ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు ఎవరూ ఇవ్వరని అర్థమైంది.

ఆరు నెలలకి అని వచ్చినదాన్ని పాడేరులోనే ఉండిపోయాను. పోయిన చలికాలం చింతపల్లి నుంచి పని చూసుకుని వస్తూ ఆ ఊరు ఎక్కాను. అవ్వ అక్కడే ఉంది, అదే కిటికీ కింద. చూపు పూర్తిగా పోయింది. అడుగుల చప్పుడుకి ఎవులు అంది, చెప్పగానే నవ్వింది. వేళ్లు వాటంతట అవే ఆకులు వెతుక్కుని కుడుతున్నాయి. ఏం అడగాలో తెలియక, “అవ్వా, ఇప్పుడు మరి వెలుతురు...” అని ఆగిపోయాను.

“ఎలుతురుతో నాకేటి పనే ఇప్పుడు? ఎండ వత్తాది. సరిగ్గా ఒళ్లోకి వత్తాది. కూకో” అంది.

ఇరవై రెండేళ్ల నేనైతే, ఆగండి అవ్వా, ఎండ ఇంకా బాగా పడేలా పైన ఇంకో కిటికీ పెట్టిస్తాను అని టేపు లాగేదాన్నే. ఆ పిల్ల మీద నాకిప్పుడు కోపం లేదు, ముద్దుగానే ఉంటుంది. బ్యాగులో టేపు ఉంది గానీ దాన్ని తీయలేదు. చెప్పులు విప్పి, కాళ్లు చాపుకుని ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి నా ఒడి కూడా వెచ్చబడింది.