తాళం తీసేదెవరు

ఔటర్ రింగు రోడ్డు వేస్తున్న రోజుల్లో, ఇబ్రహీంపట్నంలో మా మేడ మీద పదకొండు నెలల నాలుగు రోజులు అద్దెకున్న కోస్తా అమ్మాయి, కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాముకు వివరణలు రాసేది. ఇద్దరు ఒకే సమాచారం మీద ఒకేసారి చెయ్యి పెట్టకుండా తాళం వేసే భాగం ఆమెది. రాసిన ప్రతి వాక్యాన్నీ తెలుగు చేసి, నేను బియ్యం ఏరుతుంటే చదివి వినిపించేది. నా చెయ్యి ఆగిందంటే ఆ వాక్యం కొట్టేసేది.

ఒక వివరణ అర్థం కావట్లేదని ఆఫీసు నుంచి రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారీ వస్తే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారట.

"'ఇది వాడేముందు తాళం వేసి ఉండాలి.' బాగుందాండీ, అమ్మమ్మగారూ?"

నా చెయ్యి ఆగింది. "ఎవరెయ్యాలె? తీసేదెవరు?"

"అది అందరికీ తెలిసిందే కదండీ."

"అవ్, మస్తు తెల్సు. నిన్న బోరు మోటరు నువ్వేసినవ్. నేను బంద్ చేస్తననుకున్నవ్. నువ్వే చేస్తవని నేననుకున్న. ట్యాంకు నలభై నిమిషాలు పొర్లింది."

ఆమె నవ్వాపుకుంటూ మళ్లీ రాసి చదివింది: "వాడేవారే ముందు తాళం వేయాలి. పని అయ్యాక వారే తీయాలి. ఇది తనంతట తాను తీయదు."

నా చెయ్యి ఆగలేదు. ఆ శుక్రవారమే ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు.

ఇల్లు ఖాళీ చేసేనాడు మోటరు స్విచ్చు పక్కన ఒక కాగితం అంటించి వెళ్లింది: "వేసినవారే ఆపాలి. అమ్మమ్మగారు ఆపరు."

తరువాత ఆరుగురు అద్దెకొచ్చారు. ట్యాంకు ఒక్కసారే పొర్లింది. ఆ రోజు మోటరు వేసింది నేను.