తండ్రి పేరుకు గడి లేదు

గ్రీసులోని థెస్సలోనీకిలో తొమ్మిది అపార్ట్‌మెంట్ల బాగోగులు చూసే చిన్న ఆఫీసులో ఎవాంథియా ఇరవై మూడేళ్ళుగా పనిచేస్తోంది. ఎవరినీ ఊరికే నమ్మదు. వచ్చినవాడు నవ్వితే ఎందుకు నవ్వాడని, నవ్వకపోతే ఏం దాస్తున్నాడని ఆలోచిస్తుంది. అది సుగుణమని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కళ్ళజోడులాగా, అది లేకపోతే పని సాగదు, అంతే.

ఆ మంగళవారం వచ్చినవాడు నవ్వుతూనే వచ్చాడు. ఆఫీసున్న భవనంలోనే మూడో అంతస్తు ఫ్లాటు యజమాని లాజరోస్ కుందూరాస్ మార్చిలో పోయాడు. వచ్చినవాడు ఆయన వీలునామా నకలు మడతపెట్టి, పేరున్న పంక్తి మాత్రమే కనబడేలా చూపించాడు: స్టెర్గియోస్ కుందూరాస్.

"నేనేనమ్మా. కంప్యూటర్లో పేరు మార్చెయ్, రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాల పనికి తలుపు తియ్యకముందే వచ్చి నిలబడ్డారే?"

"ఆ దర్జీ ఆవిడకి ఖాళీ చెయ్యమని నోటీసు పంపాలి. యజమానిగా నా పేరుంటేనే పంపుతారటగా."

ఎవాంథియా వేళ్ళు ఆగాయి. దర్జీ డొమ్నా ఆ ఫ్లాటులో ముప్ఫై ఒక్కేళ్ళుగా ఉంటోంది. బతికినంతకాలం ఉండమని లాజరోస్ మాట ఇచ్చాడు కాని, ఏ కాగితం మీదా పెట్టలేదు. యజమాని గడిలో పేరు మారిన క్షణాన ఆ మాటకు ఆయుష్షు తీరుతుంది.

పేరు టైపు చేసింది. ఆ పేరుతో ఒక యజమాని ఇప్పటికే ఉన్నాడని, ఈ ఫ్లాటును అతనికే చేర్చాలా అని తెర అడిగింది.

"కింద దుకాణం నాదేగా! అవునని నొక్కెయ్."

అంత తేలిగ్గా దొరికే 'అవును' ఆమెకు రుచించలేదు. ఇక్కడ అన్నదమ్ములందరూ తొలి కొడుకుకు తాత పేరే పెడతారు. వాళ్ళను వేరుచేసేది తండ్రి పేరొక్కటే. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు ఎక్కడివాళ్ళోగాని, దానికి గడే పెట్టలేదు.

"మీ తాతగారి పేరేంటి?"

"స్టెర్గియోసే."

"మీ నాన్నగారికి అన్నదమ్ములెందరు?"

నవ్వు ఆగింది. "పెళ్ళిసంబంధం చూస్తున్నావా ఏంటి?"

"మీకా వయసు దాటిపోయింది లెండి. ఆ మడత విప్పి, గుర్తింపు కార్డివ్వండి."

కార్డులో తండ్రి పేరు పాందెలిస్. వీలునామాలో, మడత వెనక, "మా అన్న థోమాస్ కొడుకు" అని ఉంది.

"వాడు వోలోస్‌లో ఉంటాడు. వాడికెందుకీ కొంప? ముసలాయన్ని ఆసుపత్రికి తిప్పింది నేను!"

"తిప్పారు. నేనూ చూశాను. వీలునామాకే అది కనబడలేదు."

అతడు కాగితం లాక్కుని వెళ్ళిపోయాడు. ఇల్లు సేవ చేసినవాడికి కాక, చేయనివాడికి చెందడం న్యాయమా అన్న ప్రశ్న ఆమెను కాసేపు వదల్లేదు. అయితే జవాబు చెప్పవలసిన చోటు తన బల్ల కాదు. వోలోస్‌కు ఫోను చేసి, డొమ్నా సంగతీ చెప్పింది.

"డొమ్నా అత్త ఉంటే ఉండనీండి, నాకేం అడ్డం?" అన్నాడు రెండో స్టెర్గియోస్.

ఇంత త్వరగా మంచితనమా అని ఆమెకు అతని మీదా అనుమానమే. "కార్డు పట్టుకుని రండి. ఇప్పుడన్న మాట ఇక్కడ కూర్చుని రాసి, సంతకం పెట్టండి."

గురువారం వచ్చాడు, తండ్రి పేరున్న కార్డు చూపించాడు, రాశాడు. ఎవాంథియా కంప్యూటర్లో కొత్త యజమానిని విడిగా సృష్టించి, ఇంటిపేరు గడిలోనే పక్కన 'థోమాస్ కొడుకు' అని ఇరికించింది. సంతకం కాగితాన్ని ఫ్లాటు ఫైలులో పెట్టింది.

సాయంత్రం డొమ్నా మెడలో టేపుతోనే దిగి వచ్చింది. "కొత్తాయన మంచోడేనంటావా తల్లీ?"

"థోమాస్ కొడుకు," అంది ఎవాంథియా. "అంతవరకు రుజువైంది."