మా అత్తగారు చేసిన ఇంటర్వ్యూ

మా అత్తగారు పోయారన్న మాట నాకు ఇంగ్లీషులో అందింది. పోయిన నెల ఓ ఉదయం ఆస్పత్రిలో కుర్ర డాక్టరొకడు తలుపు తీసుకుని బయటికొచ్చి, "ఐ యామ్ సారీ, మేడమ్. షీ ఈజ్ నో మోర్" అన్నాడు. ఎవరైనా సారీ అంటే ఏం బదులివ్వాలో ఆవిడా నేనూ ఒకే క్లాసులో, పక్కపక్క కుర్చీల్లో నేర్చుకున్నాం. "ఇట్సాల్‌రైట్" అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ అనలేదు. ఆల్‌రైట్ కాదు మరి! బస్సులో కాలు తొక్కినవాడికి చెప్పే జవాబు ఇక్కడెలా చెప్తాను? "థాంక్యూ, డాక్టర్" అని గోడకి ఆనుకున్నాను. పక్కన ఆవిడే ఉంటే ఇంకో మంచి మాట అందించేవారు.

మేం ఉండేది జనక్‌పురిలో. మా ఆయనకి గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మామగారు పోయాక అత్తగారు తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చేశారు. అప్పటికింకా మెట్రో మా వైపు రాలేదు. మా బ్లాకులో రిటైరైన టీచరమ్మ ఒకావిడ మధ్యాహ్నాలు తన ముందుగదిలో ఆడవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేది. క్లాసు ఆంటీ అనేవాళ్లం. నేను చేరతానంటే అత్తగారు నాకంటే ముందు చెప్పులేసుకున్నారు.

"మీరెందుకమ్మా ఈ ఎండలో?" అన్నాడు మా ఆయన.

"నీ ఆఫీసు నుంచి ఫోనొస్తే ఎన్నాళ్లని నోనో అని పెట్టేయమంటావురా? వాళ్లు నీకు ఉద్యోగం వద్దేమో అనుకోగలరు" అన్నారు ఆవిడ.

నేర్చుకున్న మాట ఆవేళే వాడేయాలి ఆవిడకి. "రేపటికి ఉంచితే పులిసిపోతుంది అమ్మాయ్" అనేవారు. కుక్కరు కూత వేస్తే "హోల్డాన్, ప్లీజ్" అంటూ వంటింట్లోకి పరుగు. కూరలబండి భయ్యా ధర ఎక్కువ చెబితే, "ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ" అని గేటు వేసేసేవారు. ఆ ఇంగ్లీషుకి జడిసేవాడో ఏమో, సందు చివరి దాకా వెళ్లి, "ఠీక్ హై మాతాజీ, లే లో" అంటూ వెనక్కి వచ్చేవాడు. సాయంత్రం తెల్ల కాన్వాస్ బూట్లేసుకుని, కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని పార్కుకి బయల్దేరేవారు. నేను వెనక రొప్పుతూ. "దాదీ బహుత్ తేజ్ చల్తీ హై" అని, నానమ్మ చాలా వడిగా నడుస్తుందని, మావాడు ఇంటికొచ్చి వాళ్ల నాన్నకి చెప్పేవాడు.

నాకు మాత్రం ఇంగ్లీషు సరదా కోసం కాదు. నాకు ఉద్యోగం కావాలి. డిగ్రీ చదివి ఢిల్లీ వచ్చిన దగ్గర్నుంచి ఆ కాలనీలో నేను మావాడి మమ్మీని, మా ఆయన మిసెస్‌ని. నా పేరుతో నన్ను పిలిచే మనిషి చుట్టుపక్కల ఒక్కరు లేరు. చివరికి నేనే మర్చిపోతానేమోనని భయమేసేది.

ఓ పళ్ల డాక్టరమ్మ క్లినిక్‌లో రిసెప్షన్‌కి మనిషి కావాలంటే వెళ్లాను. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అందావిడ. మీ గురించి చెప్పండి అని. ఓస్, ఇంతేనా అనుకుని గడగడా అందుకున్నాను. మై హస్బెండ్ ఈజ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. మై సన్ ఈజ్ ఇన్ యూకేజీ. మై ఫాదరిన్‌లా వాజ్ తహసిల్దార్. ఒక్క తప్పు లేదు. డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విని, నవ్వి, "అండ్ యూ?" అంది.

నా దగ్గర ఇంక ఏమీ లేదు. "వి విల్ లెట్ యూ నో" అని పంపించేసింది. కబురు చేస్తామంటే రానక్కర్లేదని అర్థం, అది క్లాసులో చెప్పారు.

ఇంటికొచ్చి ఏడిస్తే మా ఆయన, "పోనిద్దూ. నీకిప్పుడు ఉద్యోగం చేయాల్సిన ఖర్మేం పట్టింది?" అన్నాడు. ఓదార్పే అది, తిట్టు కాదు.

"ఖర్మ కాదురా, దాని ఇష్టం. నువ్వు ముందు అన్నం తిను" అన్నారు అత్తగారు. నావైపు తిరిగి, "రేపట్నుంచి పొద్దున్నే నీకు ఇంటర్వ్యూ" అన్నారు.

మర్నాడు అందరూ వెళ్లాక డైనింగ్ టేబుల్‌కి అవతల కుర్చీ వేసుకున్నారు. కళ్లజోడు, చేతికి వాచీ, కాళ్లకి ఆ కాన్వాస్ బూట్లు. "ఈ కుర్చీలో ఉన్నంతసేపూ నేను మేడమ్‌ని. అత్తని కాను. మొగుడు, పిల్లాడు, మామగారు, ఈ ముగ్గురిలో ఎవరి ఊసెత్తినా లేచి బయటికి పొమ్మంటాను. ప్లీజ్ టేక్ యువర్ సీట్."

"ఐ యామ్ ఎ గుడ్ కుక్" అన్నాను.

"ఎవరికి వండుతావ్?"

"ఫ్యామిలీకి."

"వచ్చేశారు ముగ్గురూ! లే, బయటికెళ్లి మళ్లీ రా."

అలా నన్ను ఎన్నిసార్లు గుమ్మం దాటించారో! ఓ రోజు విసుగొచ్చి, "వాళ్లని తీసేస్తే నాలో ఇంకేం లేదండీ అత్తయ్యగారూ" అనేశాను. ఆవిడ కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఎందుకు లేదూ? మొన్న గ్యాసువాడు, పాలవాడు, పైవాటా పంజాబీ ఆవిడ ఒక్కసారే వచ్చి మీద పడ్డారు. ఇంకోపక్క మనవాడి ఏడుపు. ఒక్కళ్లని కసురుకోకుండా అందర్నీ నవ్వుతూ పంపించావు. నేనైతే నలుగురినీ తన్ని తగలేద్దును. అది నీది కాదూ? అది చెప్పు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. వంటింటి గుమ్మంలో నిలబడి ఆవిడ నన్ను చూస్తుంటే వంకలు వెతుకుతున్నారనే అనుకునేదాన్ని అన్నాళ్లూ. ఆ పూట ఇద్దరం కలిసి ఒక వాక్యం కట్టాం. ఐ స్టే కామ్ వెన్ ఎవ్రీవన్ ఈజ్ ఇన్ ఎ హర్రీ.

ఆ హుషారులో నేను, "ఇప్పుడు నేను మేడమ్‌ని. మీరు చెప్పండి, టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నాను.

"నాదేముందే" అని నవ్వారు. తర్వాత "ఐ యామ్" అన్నారు, ఆగారు. మామగారి మాట ఆవిడ నోటి చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్లడం నాకు తెలుస్తూనే ఉంది. కుక్కరు కూసింది. "హోల్డాన్" అన్నారు, కానీ లేవలేదు. కుక్కరు ఇంకోసారి కూశాక అన్నారు.

"ఐ వాక్ ఫాస్ట్."

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగాక ఆవిడ తెలుగులోకి వచ్చేశారు. "మీ మామగారిది నెమ్మది నడకే అమ్మాయ్. దేవుడిలాంటి మనిషి, ఆ మాట కాదు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన వెనకాలే నడిచాను. చెప్పు తొక్కకుండా నడిస్తే చాలనుకునేదాన్ని. నాది ఇంత వడి నడకని ఈ పార్కుకి వచ్చేదాకా నాకే తెలీదు."

పప్పు మాడింది. ఆ రోజు పచ్చడితో తిన్నాం.

తర్వాత మా దగ్గర్లోని ఒక స్కూలు ఆఫీసులో ఖాళీ వస్తే వెళ్లాను. బయట చెట్టు కింద గార్డుతో "హౌ ఆర్ యూ భయ్యా" అంటూ ఆవిడ కూర్చున్నారు. లోపల అదే ప్రశ్న. నా పేరు చెప్పాను, మేం కట్టిన వాక్యం చెప్పాను. ముగ్గురి ఊసూ ఎత్తలేదు. ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను. ఫీజుల రోజుల్లో నా టేబుల్ ముందు ఎంతమంది అరుస్తున్నా నాకు చెమట పట్టదు. నా పేరు ఆ స్కూల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మొన్న మా ఇంట్లో సంతాపానికి కాలనీ వాళ్లంతా వచ్చి తెల్లదుప్పట్ల మీద కూర్చున్నారు. వచ్చినవాళ్లంతా ఒకటే మాట. గొప్ప భార్య, గొప్ప తల్లి. నిజమే, కాదనను. చివర్లో క్లాసు ఆంటీ కర్ర ఊతంగా వచ్చి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని, పాత క్లాసు గొంతుతోనే, "టెల్ మీ అబౌట్ హర్" అంది.

మా ఆయన గొంతు సవరించుకుని, "మై మదర్..." అంటూ మొదలుపెట్టాడు. పాపం, అతని తల్లి, అతని దుఃఖం. అయినా అతని భుజం మీద చెయ్యేసి, "హోల్డాన్" అన్నాను. ఆంటీకి చెప్పాను.

"షీ వాక్డ్ ఫాస్ట్."

పైవాటా పంజాబీ ఆవిడ కళ్లు తుడుచుకుంటూ ఫక్కున నవ్వింది. "హాఁ జీ! హమ్ సబ్ పీఛే రహ్ జాతే థే." మేమంతా వెనకబడిపోయేవాళ్లం అని.

అందరూ వెళ్లాక పార్కుకి వెళ్లాను. మలుపు దగ్గర ఆవిడ ఎప్పుడూ నాకంటే ముందుండేవారు. ఆగేవారు కాదు, తిరిగి చూసేవారు కాదు. కుచ్చిళ్ల కింద తెల్లబూట్లు టకటకా పోతుంటే, చెయ్యి మాత్రం వెనక్కి చాపి వేళ్లాడించేవారు, రా, రా అని.