వేడెక్కిన ల్యాప్‌టాప్‌కు మా అమ్మ పెట్టించిన ప్రార్థన

ముప్పై దాటిన ఆడమనిషి ఆదివారం మధ్యాహ్నం చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని "వెనకాల చూడు, వాణ్ణి లేపెయ్" అని అరుస్తుంటే, కొత్తపేటలో మా అపార్ట్‌మెంటు మెట్లెక్కేవాళ్లు మొదట్లో ఆగి వినేవాళ్లు. తర్వాత అలవాటైపోయి ఆగడం మానేశారు. ఆ ఆడమనిషిని నేనే. ఎల్బీనగర్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. వారమంతా ఎవరినీ ఏమీ అనలేని ఉద్యోగం. అందుకని ఆదివారం తుపాకీ పడతాను.

చర్చి నుంచి రాగానే అన్నం తిని ఆన్‌లైన్‌లో కాల్పుల ఆటకు కూర్చునేదాన్ని. మాది నలుగురి జట్టు, అందరం ఆఫీసువాళ్లమే, ఎవరింట్లో వాళ్లం కూర్చుని ఆడతాం. జట్టు నాయకుడు నా పక్క సీటు ఆయన. గుంటూరు వైపు మనిషి. తూటా తగిలి పడిపోతున్నా "అండీ" అనకుండా మాట్లాడడు.

మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ముందుగది అమ్మ రాజ్యం. నాన్న లారీ డ్రైవర్ కాబట్టి నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉంటాడు. అమ్మ పెళ్లయ్యాక నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, కుట్టుమిషన్ నేర్చుకుని, ఈ గల్లీలో సగం మంది ఆడవాళ్ల నడుము కొలతలు నోటికి చెప్పగలిగే స్థాయికి చేరింది. ఎవరు లావయ్యారో, లావయ్యి కూడా ఎవరు ఒప్పుకోవడం లేదో అన్నీ ఆమెకు తెలుసు. ఆ గదిలో పొడవాటి కట్టింగ్ బల్ల ఉంది. ఒక చివర ఆమె కత్తెర, బట్టలు. ఇంకో చివర నాకు దయతో ఇచ్చిన కాస్త జాగా. అక్కడ పెద్ద మానిటరూ విడి కీబోర్డూ పెట్టుకుని ఆడేదాన్ని. గేమింగ్ ల్యాప్‌టాప్ మాత్రం మూత తెరిచి పక్కకు, అమ్మ మిషన్ వైపు ఉండేది. నా కళ్లు మానిటర్ మీద, చెవులు హెడ్‌సెట్‌లో. ల్యాప్‌టాప్ వైపు తిరిగి చూసే పనే ఉండేది కాదు.

గొడవ నవంబర్ చివర్లో మొదలైంది. క్రిస్మస్ దగ్గర పడుతోంది, అమ్మకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. చర్చిలో ఆడవాళ్లందరికీ కొత్త బ్లౌజులు ఒకే వారంలో కావాలి. ఇటు బట్టల గుట్ట, అటు నా యుద్ధం. ఆట మొదలుపెట్టిన కాసేపటికే ల్యాప్‌టాప్ ఫ్యాన్ రొద అందుకునేది.

"ఏందే గా సప్పుడు? నాదర్‌గుల్‌ల ఇమానం లేస్తున్నట్టుంది," అంది అమ్మ, టీవీలో సీరియల్ వినపడక.

నేను పట్టించుకోలేదు. కానీ ఆట కూడా మారింది. మొదట బాగానే పరుగెత్తేదాన్ని. తర్వాత తెర మీది నా మనిషి బురదలో నడుస్తున్నట్టు అడుగులు వేసేది. గోడ చాటుకు వెళ్దామని మలుపు తిరిగేలోపు బొమ్మ ఆగిపోయేది. మళ్లీ కదిలేసరికి నేను నేలమీద, నా మీద ఎవడో నిలబడి డ్యాన్స్.

"ఏంటండీ, కరెంటు స్తంభంలా నిలబడిపోయారు?" అనేవాడు నాయకుడు.

"హ్యాంగ్ అవుతుందండీ."

"ప్రతివారం అదేనండీ."

ఒక ఆదివారం ఆట మధ్యలో ల్యాప్‌టాప్ దానంతటది ఆరిపోయింది. చేత్తో ముట్టుకుంటే పొయ్యి మీంచి అప్పుడే దించిన పెనంలా ఉంది. బయట చలి, అమ్మ స్వెటర్ వేసుకుని కుడుతోంది.

చదువుకున్నదాన్ని కదా, పద్ధతిగా వెళ్దామనుకున్నాను. ముందు ఇంటర్నెట్‌ను తిట్టాను. దాని తప్పేమీ లేదని తేలింది. గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గిస్తూ పోయాను, శత్రువులు పిండిముద్దల్లా కనిపించేదాకా. అయినా వేడి తగ్గలేదు, నన్ను చంపిందెవరో కూడా పోల్చుకోలేకపోయాను, అంతే తేడా. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను. కిందినుంచి గాలి ఆడుతుందని దారపు డబ్బాలు రెండు ల్యాప్‌టాప్ కింద పెట్టాను. తెల్ల దారం కావాలని అమ్మ ఒకటి లాక్కుపోయింది, ల్యాప్‌టాప్ ఒక పక్కకు ఒరిగింది. చివరికి వేడి ఎంతో చూపించే ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించాను. ఆట మొదలైన కొద్దిసేపటికే తొంభై ఎనిమిది డిగ్రీలు.

"నీళ్లు మరగడానికి రెండు డిగ్రీలే తక్కువమ్మా," అన్నాను భయంగా.

"అయితే గా చాయ గిన్నె దాని మీదనే పెట్టు. గ్యాస్ మిగుల్తది."

నాన్నకు ఫోన్ చేశాను. ఎక్కడో నాగపూర్ దాటి ధాబాలో తింటున్నాడు. లోడు ఎక్కువైతే లారీ ఎట్లా మొరాయిస్తుందో ఇదీ అట్లాగే చేస్తోందని చెప్పాను. శ్రద్ధగా విని, "రేడియేటర్‌ల నీళ్లు సూసినవా బిడ్డా?" అని అడిగాడు. దీనికి నీళ్లు పోయరు నాన్నా అంటే, "అందుకే మరి," అని ఫోన్ పెట్టేశాడు.

అమ్మకు మాత్రం నా మొహం చూసి జాలేసినట్టుంది. నాకు చెప్పకుండా తను చేయగలిగింది తను చేసింది. ఆడవాళ్ల ప్రార్థన కూటంలో లేచి నిలబడి, "మా బిడ్డ ల్యాప్‌టాప్ వేడి తగ్గాలె, అందరు జర ప్రార్థన చెయ్యండి," అని అడిగిందట. ఆ రోజు మైకు సరిగా పనిచేయలేదు. వెనక వరసల్లో వాళ్లకు "మా బిడ్డ", "వేడి", "ప్రార్థన" అన్న మూడు ముక్కలే వినపడ్డాయి.

శనివారం సాయంత్రం తలుపు తట్టారు. అమ్మ గాజులు మ్యాచింగ్ అంటూ దిల్‌సుఖ్‌నగర్ వెళ్లింది. ఎంత వేడెక్కుతుందో చూద్దామని నేను ఆటలో ఉండి, తలుపు తెరిచే ఉంది రండి అని అరిచాను. చర్చి నుంచి నలుగురైదుగురు ఆడవాళ్లు బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని లోపలికి వచ్చారు. రోగిని చూడ్డానికి వచ్చినవాళ్ల మొహాలు ఎంత మెత్తగా ఉంటాయో అంత మెత్తగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే నేను కుర్చీలోంచి సగం లేచి, "తలకాయలో కొట్టు, తలకాయలో!" అని గొంతు చించుకున్నాను.

హెడ్‌సెట్ తీసి వెనక్కి తిరిగేసరికి అందరిలోకీ పెద్దావిడ బత్తాయిల సంచి గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

"జొరం నెత్తికెక్కింది పాపం," అంది పక్కావిడతో.

నాకు జ్వరం లేదని, వేడి ల్యాప్‌టాప్‌దని ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. నా నుదురు ముట్టుకుంది. చల్లగా ఉంది. ల్యాప్‌టాప్ ముట్టుకుని చూడమన్నాను. ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇంత దూరం వచ్చి ఊరికే పోవడం బాగుండదనుకున్నారో ఏమో, కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ఎవరి కోసమో నాకు తెలియలేదు. నా మీదొక చెయ్యి, దాని మీదొక చెయ్యి వేశారు. బ్రెడ్డు బాగుంది. ఆ రాత్రి అమ్మా నేనూ అదే తిన్నాం.

విచిత్రమేమిటంటే, మర్నాడు ఆదివారం ఫ్యాన్ రొద తగ్గింది. ఆడుతూ ఆడుతూ హెడ్‌సెట్ తీసి చూస్తే గదిలో సీరియల్ మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి. అమ్మ నా వైపు చూసి, "చెప్పిన్నా?" అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది. కానీ ఆట ఇంకా పాడైంది. ఇదివరకు బురదలో నడిచేదాన్ని, ఇప్పుడు తారులో అతుక్కుపోయాను. ఫ్యాన్ పూర్తిగా పాడైపోయిందని, అందుకే చప్పుడు లేదని అనుకున్నాను.

సోమవారం ఆఫీసులో నాయకుడు నా సీటు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మీరేమీ అనుకోకండి. వచ్చే ఆదివారం మీరు రెస్ట్ తీసుకోండి. మా తమ్ముణ్ణి ఆడిస్తాను."

నవ్వుతూ తలూపాను. బాత్రూములోకి వెళ్లి మొహం కడుక్కుంటే కళ్లు మండాయి, ఎందుకో తలచుకుంటే నాకే నవ్వొచ్చింది. ప్రమోషన్ రాకపోయినప్పుడు కూడా ఇంత బాధపడలేదు.

ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రిపేరు షాపుకు పట్టుకెళ్లాను. మెట్రో స్టేషన్ కింద సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కుని ఉంది. షాపాయన ల్యాప్‌టాప్ ఆన్ చేయలేదు, తిప్పి కూడా చూడలేదు.

"మదర్‌బోర్డు పోయిందక్కా."

"తెరవకుండనే ఎట్ల చెప్తున్నవన్నా?"

"పెద్ద డాక్టర్లు మొకం జూసే చెప్తరక్కా."

ఇటు ఇవ్వమని ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకున్నాను. ఎదురుగా మొబైల్ సామాను బండి మీద చిన్న స్క్రూడ్రైవరూ, వేడి లాగడానికి ప్రాసెసర్ మీద రాసే థర్మల్ పేస్టూ కొని ఇంటికొచ్చాను. పోయేదే అయితే నా చేతుల్లోనే పోనీ అన్న తెగింపు.

వీడియో చూస్తూ బల్ల మీద దాన్ని బోర్లా పెట్టాను. అమ్మ తన సూదులు ఏరుకునే అయస్కాంతం తెచ్చి, ఊడదీసిన స్క్రూలన్నీ దానికి అంటించింది. వీడియోలో చెప్పినట్టు ముందు బ్యాటరీ వైరు తీశాను. అడుగు మూత ఎత్తి ఇద్దరం తలలు వంచి లోపలికి చూశాం. ఫ్యాన్‌కూ, వేడి బయటికి పోయే సన్నని రేకులకూ మధ్య గాలి పోయే దారి అన్నదే లేదు. మెత్తటి పీచు అణిగి అణిగి దళసరి దుప్పటి ముక్కలా బిగుసుకుపోయింది. ఆకుపచ్చ, పసుపు, గులాబీ, పొరలు పొరలుగా. గదిలో కత్తిరించిన ప్రతి బట్ట నుంచీ ఎగిరిన పీచును అది పీల్చుకుంటూనే ఉంది.

అమ్మ చెయ్యి పెట్టి ఒక పొర లాగి వెలుతురులో పెట్టి చూసింది. "గీ మెరూన్ రంగు మూడో అంతస్తు ఆమెది. లైనింగ్ మంచిగ లేదని లొల్లి జేసింది సూడు. గీడ గూడ పరేషాన్ చేస్తుంది."

"ఇదంత నీ బట్టలదే అమ్మా."

"మరి నా బల్ల మీద కూసుంటే నా పీచు రాక ఎవరిదొస్తది?"

ఫ్యాన్ రెక్కలు తిరగకుండా నేను వేలితో పట్టుకుంటే, మిషన్ తుడిచే చిన్న బ్రష్షుతో అమ్మ రేకుల సందుల్లో శుభ్రం చేసింది. తర్వాత ప్రాసెసర్ మీద రాగి పలక ఎత్తి చూస్తే పాత పేస్టు ఎండి పెచ్చులు పెచ్చులుగా ఉంది. అది తుడిచేసి కొత్తది పెట్టబోతుంటే అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"జర తక్కువ. తమలపాకుకు సున్నం రాసినట్టు రాయాలె. ఎక్కువైతే నోరు పొక్కుతది."

"దీనికి నోరెక్కడుందమ్మా?"

"గన్ని బట్టలు మింగింది, నోరు లేదా?"

అన్నీ బిగించి ఆన్ చేశాం. శనివారం అమ్మ క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకు వెళ్లినప్పుడు గంటసేపు ఆడి చూశాను. డెబ్బై ఐదు డిగ్రీలు దాటలేదు. నా మనిషి లేడిలా పరుగెత్తింది. నాయకుడికి ఫోన్ చేసి, బాగయిందండీ, నన్నే ఆడించండి అని బతిమాలుకున్నాను. తమ్ముడికి ఏం చెప్పుకున్నాడో కానీ ఒప్పుకున్నాడు.

ఆదివారం. మొదటి ఆట బ్రహ్మాండంగా సాగింది. ముగ్గుర్ని పడగొట్టాను. రెండో ఆట మధ్యలో, శత్రువు నా ఎదురుగా తుపాకీ నింపుకుంటుండగా, మళ్లీ అదే తారు. బొమ్మ ముక్కలు ముక్కలుగా కదిలింది. వేడి చూస్తే అరవై. అసలు వేడే లేదు! ఏం చేయాలో తోచక మొదటిసారి ల్యాప్‌టాప్ వైపు తల తిప్పాను.

కీబోర్డు మీంచి అమ్మ చెయ్యి వెనక్కి పోతోంది.

"ఏం జేసినవమ్మా?"

"ఏం చెయ్యలే. ఫ్యాన్ బంద్ చేసిన."

ల్యాప్‌టాప్ తెర మీద ఫ్యాన్ బొమ్మా, పక్కన సైలెంట్ మోడ్ అన్న అక్షరాలూ మెల్లగా మాయమవుతున్నాయి. పై వరసలో ఫ్యాన్ బొమ్మ ఉన్న మీట ఒకటి ఉంది. దాన్ని నొక్కితే చప్పుడు తగ్గుతుంది, దాంతో పాటు యంత్రం బలం కూడా తగ్గుతుంది. నేను మానిటర్ ముందు కూర్చుని యుద్ధం చేస్తుంటే, బత్తాయిలు వచ్చిన మర్నాటి నుంచీ అమ్మ సీరియల్ కోసం దాన్ని నొక్కుతోంది.

"అమ్మా, నువ్వది ఒత్తితే నేను చస్తున్న!"

"ఎవడో కాలిస్తే సస్తున్నవు గని నేనేం జేసిన? ఫ్యాన్ బొమ్మున్నది, ఒత్తిన, సప్పుడు ఆగింది. నీకు గూడ నెత్తి నొయ్యకుంట ఉంటదనుకున్న."

"నాకు హెడ్‌సెట్ ఉంది గద!"

"మరి నాకు లేదు గద."

ఇదంతా మైకులోంచి జట్టు మొత్తానికి వినపడింది. తర్వాత నాయకుడి గొంతు వచ్చింది, చాలా మర్యాదగా: "మీ అమ్మగారిది ఏ టీమండీ?"

ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్, మానిటర్ పడగ్గదిలోకి చేర్చాను. మంచం పక్కన చిన్న టేబుల్, తలుపు మూస్తే అటునుంచి పీచూ రాదు, ఇటునుంచి చప్పుడూ పోదు. బల్ల మొత్తం దొరికినందుకు అమ్మ సంతోషించింది, పైకి మాత్రం "అలిగి పోయింది" అని కస్టమర్లకు చెప్పింది.

తర్వాతి ఆదివారం నా ల్యాప్‌టాప్ ఒక్కసారి కూడా తడబడలేదు. వేడి లేదు, బొమ్మ ఆగడం లేదు, అమ్మ చెయ్యి లేదు. ఆటలో తలుపు చాటున నక్కి ఉన్న శత్రువును నేనే చూసుకోకుండా నేరుగా వాడి ముందుకు వెళ్లి నిలబడ్డాను. కాల్చాడు.

"మళ్లీ హ్యాంగ్ అయిందాండీ?" అన్నాడు నాయకుడు.

ఒక్క క్షణం ఆలోచించాను. "లేదండీ," అన్నాను. "ఈసారి నేనే."