అరకులో ఆరిపోయే కెమెరా

ఆ పొద్దున అరకులో మంచు షెడ్డులోకి కూడా వచ్చేసింది. తలుపు తీయగానే నా వెనకే లోపలికి నడిచి, బల్లల కింద దూరి, మెషీన్ చుట్టూ తీరిగ్గా చేరింది. కిటికీలో కొండ లేదు, రోడ్డూ లేదు. రోడ్డు మీద ఆగిన వ్యాను ఇంజిను చప్పుడు మాత్రం ఉంది. అదీ లేకపోతే నేనింకా బస్సులో నిద్రపోతున్నాననే అనుకునేదాన్ని.

వ్యాను మెషీన్ కోసమే వచ్చింది. సోలార్ లాంతర్లకు బోర్డులు తయారుచేసే చిన్న షెడ్డు అది. పిక్ అండ్ ప్లేస్ మెషీన్ అంటే మరేమీ కాదు, చోడిగింజంత భాగాల్ని గాలితో పీల్చి పట్టుకుని, కెమెరాతో చూసుకుని, బోర్డు మీద ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టేది. ఆ కెమెరా ఉన్నట్టుండి ఆరిపోతోంది. చూపు పోగానే మెషీన్ ఆగిపోతోంది. "సాయంత్రంలోగా బాగయితే సరి, లేకపోతే విప్పి వ్యానెక్కించెయ్యండి. విశాఖలోనే బాగుచేయించి నడుపుకుంటాను" అని, బాగుచెయ్యడానికి వచ్చిన నాకు యజమాని ఫోన్లో చెప్పేశాడు.

మెషీన్ నడిపే ఆవిడకూ ఆ సంగతి తెలుసు. నాకన్నా పెద్దది, అప్పా అని పిలిచేదాన్ని. కాఫీ తోటల్లో ఎక్కీ దిగీ ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుని చేసే పని ఇదొక్కటే దొరికింది. మెషీన్ కింద విశాఖకు పోతే ఆమె మళ్ళీ కొండెక్కాలి.

"బాగవుద్దా అమ్మా?" అంది.

"ముందు నన్ను చూడనీ అప్పా!" అని కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

నా అనుమానమంతా కరెంటు మీదే. అటు సీలేరులో, డొంకరాయిలో కరెంటు పుడుతుంటే ఈ కొండల్లో వోల్టేజీ పూటకో రకం. దీపం కిందే చీకటి. అందుకే బరువైన స్టెబిలైజరొకటి ఒళ్ళో పెట్టుకుని ఘాట్ రోడ్డంతా మోసుకొచ్చాను, పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు. తీరా మల్టీమీటరు పెట్టి చూస్తే కరెంటు భేషుగ్గా ఉంది. కెమెరాకు పవరిచ్చే పెట్టె దగ్గర పన్నెండు వోల్టులు, ఇటు అటు కదలడం లేదు. ఛీ, నా పిల్లి ఎందుకూ పనికిరాలేదు.

మెషీన్ నడిపించి తెర ముందు కూర్చున్నాను. కెమెరా కళ్ళతో చూస్తే ఆ గింజలు ఎంతెంత పెద్దవో! బూడిదరంగు వెలుగులోంచి ఒక్కొక్కటే నింపాదిగా వచ్చి నిలబడుతున్నాయి, మంచులో దారి దాటే మేకల్లా. చూస్తూ చూస్తూ ఎందుకు వచ్చానో కూడా మరిచిపోయాను. ఇంతలో తెర నల్లబడింది. కెమెరాను మోసుకు తిరిగే మెషీన్ తల కుడి మూలకు వెళ్ళి ఉంది. మళ్ళీ నడిపించాను. మళ్ళీ కుడి మూలలోనే ఆరింది.

మోటార్లు ఆపేసి, కెమెరా వైపు కేబుల్ కొసకు మీటరు సూదులు ఆనించి పట్టుకున్నాను. "తలను చేత్తో కుడికి తొయ్యి అప్పా, మెల్లగా" అన్నాను. ఆమె ఊపిరి బిగబట్టి తోసింది. పన్నెండు, పన్నెండు, పన్నెండు. మూలకు చేరగానే సున్నా. వెనక్కి లాగితే పన్నెండు. పై తోలు బాగానే ఉన్నా, లోపల రాగి తెగి, తల ఇటు వస్తే అంటుకుంటోంది, అటు వెళితే విడిపోతోంది. కేబుల్‌ని వేళ్ళతో తడుముకుంటూ పోతే ఒకచోట గరుకుగా నార తగిలింది. తల కదలడానికి వదిలిన మడతనంతా దగ్గరికి లాగి, అడవిలో దొరికే అడ్డతీగ నారతో బిగించి కట్టేశారు. తల మూలకు వెళ్ళినప్పుడల్లా కేబుల్ ఆ ముడి దగ్గరే లాక్కుంటోంది.

"ఎవరు కట్టారిది?" అని అరిచాను.

ఆమె తల దించుకుంది. "నానేనమ్మా. ఊగిపోతందని కట్టినాను. మోపు ఊగితే కొండ దిగలేం కదా, మనిషినే తోసేత్తాది. మాకాడ ఏదైనా అలాగే బిగించి కట్టేత్తాం."

ఎంత శ్రద్ధగా కట్టిందో ఆ ముడి! దాన్ని కొయ్యడానికి నాకే చెయ్యి రాలేదు. కోపం ఎటు పోయిందో తెలియదు. మెల్లగా విప్పి, తెగినచోట మెత్తటి వైరు ముక్క వేసి అతికించి, ఈసారి మడతను బాగా వదులుగా వదిలాను. మెషీన్ తల మూల మూలకూ తిరిగింది, కేబుల్ హాయిగా ఊగింది, తెర ఆరలేదు.

"అలా ఊగతంటే నాకు బయ్యంగా ఉందమ్మా."

"ఊగనీ అప్పా. దీన్ని మాత్రం కట్టకు."

యజమానికి ఫోన్ చేసి, వైరు తెగింది, అతికించాను అన్నాను. ఎందుకు తెగిందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. వ్యాను ఖాళీగా దిగిపోయింది. మంచు విడిచి కిటికీలో కొండ మెల్లగా తేలింది. ఆమె దాన్నే చూస్తూ చాలాసేపు నిలబడింది.

"పొద్దున్నే కాపీ పళ్ళ బుట్టకి కొత్త తాడు కట్టుకుని మరీ వొచ్చినానమ్మా" అంది.

"ఇంటికెళ్ళగానే విప్పెయ్ అప్పా" అన్నాను.

ఆమె స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ నవ్వింది.

"ఉండనీయమ్మా. మిషన్ని నమ్మగలమేటి?"